మహారాజశ్రీ శాంపిల్ ముక్క గారి సముఖమునకు

తిరుపతి నుంచి ఊలు అల్లుకునే ఒక ఆడమనిషి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారులెండి, బీరువాలో కలరా ఉండల పక్కన హాయిగా పడుకున్నారు. క్షేమం లేనిదల్లా మా ఆయన స్వెట్టర్‌కే.

తమరెవరో తెలియని వాళ్లు ఈ ఊళ్లో చాలామంది. ఇక్కడ ఊలు ఉండ బయటికి తీస్తేనే "ఈ ఎండల్లో ఇదేం పిచ్చి?" అంటారు, ఇక తమరి దాకా ఎక్కడ వస్తారు! అందుకే ముందు పరిచయం చేస్తాను. స్వెట్టర్ మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అవే సూదులతో అరచేయంత చదరం ఒకటి అల్లి, దాని మీద టేపు పెట్టి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెడతారు. ఆ చదరమే తమరు. తమరు చెప్పిన అంకెను బట్టే ఛాతీకి ఎన్ని కుట్లు ఎక్కించాలి, చేతులకెన్ని, మెడకెన్ని అన్నీ తేలతాయి. నెలల తరబడి సాయంత్రాలు, కిలోకి దగ్గరగా ఊలు, పండగకి కట్టుకోవాల్సిన చీర డబ్బులు, అన్నీ తమరి ఒక్క మాట మీద నిలబడతాయి. కొద్దిమందిని అడిగి రాష్ట్రం మొత్తానికీ ఫలితం చెప్పేసే ఎగ్జిట్ పోల్ వాళ్లకైనా లెక్కింపు రోజు టీవీలో కూర్చుని సంజాయిషీ చెప్పుకునే బాధ ఉంటుంది. తమరికి అదీ లేదు.

ఇక అసలు విషయం. మా ఆయనకి కొండ మీద డ్యూటీ. కింద తిరుపతిలో డిసెంబరులో కూడా ఫ్యాను వేసుకునే పడుకుంటాం. పైన మాత్రం ధనుర్మాసంలో, సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ తెల్లవారుజాముల్లో, చలికి చెవులు మొద్దుబారిపోతాయి. అందుకని స్వెట్టర్. ఛాతీ 100 సెంటీమీటర్లు రావాలి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లని తమరు సెలవిచ్చారు. నమ్మి 220 కుట్లు ఎక్కించాను.

స్వెట్టర్ పూర్తయ్యాక టేపు పెడితే 10 సెంటీమీటర్లకు 18 కుట్లే ఉన్నాయి. నాలుగే కదా తేడా అంటారేమో, 220ని 18 చొప్పున లెక్కేసుకోండి. 122 సెంటీమీటర్లు. మా ఆయన వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఇందులోకి నేనొక్కడినేనా, ఇంకెవరైనా రావాలా?" అన్నారు. మనిషి సర్దుకుపోయే రకం కాబట్టి లోపల ఇంకో చొక్కా వేసి చూశారు. తర్వాత దాని మీద మరోటి. చివరికి కండువా చుట్టుకుని, "ఇప్పుడు పర్లేదు, కాకపోతే స్వెట్టర్ అవసరం లేదు" అన్నారు.

తమరు నిలకడ గల మనిషైతే ఇంత దూరం వచ్చేది కాదు. మొదటిసారి కొలిచినప్పుడు 21 అన్నారు. డిజైను కాగితంలో 22 అని ఉంది. టేపు రవ్వంత కిందికి జరిపి, తమరిని వేలితో కాస్త సర్దితే వెంటనే 22 అనేశారు. మాట మార్చింది ఎవరండీ?

న్యాయం కోసం మా వాళ్ల దగ్గరికి పోయాను. ఆదివారం సాయంత్రాలు బైరాగిపట్టెడలో టీచరక్క వాళ్ల మిద్దె మీద, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంటాం. టీచరక్క, నర్సక్క, బ్యాంకులో చేసే అమ్మాయి, నేను. మధ్యలో నిప్పట్ల డబ్బా. (నూనె వేళ్లతో ఊలు ముట్టకూడదని నియమం. అందుకే అల్లకం తక్కువ, కబుర్లు ఎక్కువ.) అక్కడ స్వెట్టర్ పరిచి చూపిస్తే, ముగ్గురూ నిప్పట్లు నములుతూ తమరి తరఫునే వకాల్తా పుచ్చుకున్నారు.

టీచరక్క అంటుంది, "ఏమ్మే, ఆ ముక్కని కత్తిరి ఎండల్లో కదా అల్లితివి? చెమట చేతుల్లో ఊలు జారదు, కుట్టు బిగుసుకుంటాది. స్వెట్టర్ ఏమో కార్తీకంలో, మాతో కబుర్లాడుకుంటా అల్లితివి. చెయ్యి వదులైపోయుంటాది." అంటే తమరి మాట మే నెలలోనే చెల్లుతుందన్నమాట. ఆ గడువు తేదీ తమరి మీద ఎక్కడా రాసి లేదే!

నర్సక్క ప్రశ్న ఇంకా అవమానకరం. "కొలిచే ముందు తడిపి ఆరబెట్టినావా?" అంట. తిరుపతిలో స్వెట్టర్ ఉతికేంతగా వాడేదెవరు? గొర్రె ఊలైతే తడిస్తే పోగు విచ్చుకుంటుందట, పిన్నులు గుచ్చి ఆరబెడితే ఆ కొలతలోనే నిలుస్తుందట. మన ఫ్యాన్సీ కొట్లలో ఊలని ఇచ్చేది ఎక్కువగా అక్రిలిక్కే. దాన్ని ఎంత సాగదీసి ఆరబెట్టినా చాలావరకు మళ్లీ మొదటికే వస్తుంది. పోనీ అని దాని మీద ఆవిరి ఇస్త్రీ పెట్టారా, జావగారి సాగిపోతుంది, ఇక ఎన్ని జన్మలెత్తినా బిగువు తిరిగి రాదు. బ్యాంకు అమ్మాయి తన శాంపిల్ ముక్కకి అలాగే ఇస్త్రీ చేసింది. మీ బంధువే కదా, పలకరించి చూడండి. పట్టుకుంటే వేళ్ల మధ్యనుంచి జారిపోతుంది.

ఆ అమ్మాయే నా స్వెట్టర్‌ని అటూ ఇటూ తిప్పి, "అక్కా, ముక్క ఏ సూదుల్తో అల్లినావు?" అంది. ఎనిమిదో నంబరు. "స్వెట్టర్?" అదీ ఎనిమిదే, కాకపోతే గుండ్రంగా అల్లడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన వైరు సూది. ఆ పిల్ల సంచిలోంచి సూది లావు కొలిచే చిల్లుల స్కేలు తీసి రెండు సూదులూ దూర్చి చూసింది. మొదటిది 4 మిల్లీమీటర్లు, రెండోది 5. మన కొట్లలో పాత బ్రిటిష్ నంబర్లు, అందులో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లలో అంకె పెరిగేకొద్దీ లావవుతుంది. ఇద్దరికీ పొత్తు కుదిరేది ఏడు దగ్గర, అది రెండు చోట్లా నాలుగున్నర. ఎనిమిది దగ్గర విడిపోయి ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. మిద్దె మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు, నర్సక్క మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తప్పెవరిదో అప్పుడు నాకు తేటతెల్లమైంది. నేను ఆ వైరు సూదితో మొదటి వరస అల్లుతున్నప్పుడు తమరు పక్కనే, టీ గ్లాసు కింద ఉన్నారు. కుట్లు ఎంత పెద్దగా పడుతున్నాయో చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట చెప్పొచ్చుగా? ఊళ్లో వాళ్లందరి లెక్కలూ చెప్పే వాళ్లకి పక్కనున్న సూది లావు కనపడలేదా?

తమరికి వకాల్తా పుచ్చుకున్నవాళ్లేమన్నా బాగుపడ్డారా అంటే అదీ లేదు. టీచరక్క కొత్తగా మ్యాజిక్ లూప్ నేర్చుకుంది. పొడుగు వైరు సూది తీసుకుని, వైరును మధ్యలో లాగి కుట్లను రెండు సగాలు చేసి, టోపీలాంటి చిన్న చుట్టును అతుకు లేకుండా అల్లే పద్ధతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ముక్కని మామూలుగా ముందుకీ వెనక్కీ అల్లింది, అందులో ఒక వరస నిట్, అంటే సూటి కుట్టు, ఒక వరస పర్ల్, అంటే దాన్నే తిరగేసిన కుట్టు. ఆవిడ చేతికి పర్ల్ కాస్త వదులు. గుండ్రంగా అల్లితే పర్ల్ వరసే రాదు, అంతా బిగుతు నిట్టే. మనవడి టోపీ మనవడి బొమ్మకి సరిపోయింది.

నర్సక్కది ఇంకా అన్యాయం. ఈ ఊరి ఎండకి తెలివైన పనని నూలు దారంతో చేతుల్లేని టాప్ అల్లింది. ముక్క దగ్గర లెక్క పక్కాగా ఉంది, తడిపింది, ఆరబెట్టింది, అన్ని మర్యాదలూ చేసింది. కానీ నూలుకి సాగితే వెనక్కి లాక్కునే గుణం తక్కువ, బరువేమో ఎక్కువ. అరచేయంత తమరికి ఏం బరువుంటుంది! టాప్ మొత్తం భుజాలకు వేలాడేసరికి తన బరువుకి తనే కిందికి దిగడం మొదలెట్టింది. ఉదయం డ్యూటీకి వెళ్లేటప్పుడు నడుము దాకా ఉన్నది, సాయంత్రం తొడల దగ్గరికి వచ్చిందట. ముక్కకి క్లిప్పులు తగిలించి బరువు కట్టి, కొన్ని రోజులు వేలాడదీసి కొలవాలని తర్వాత తెలిసింది. తమరిని ఉరి తీయాలన్న ఆలోచన మొదట వచ్చినవాళ్లకి నా నమస్కారం.

బ్యాంకు అమ్మాయి జడల డిజైను సంగతి వేరే చెప్పక్కర్లేదు. సాదా ముక్కని కొలిచి జడలు అల్లితే బట్ట లోపలికి లాక్కుని ఇరుకవుతుంది, అయింది.

పోనీ, తమరి వంశాన్ని ఇంకో పనికైనా వాడుకుందామని చూశాను. వంటింట్లో మసిగుడ్డ ఉద్యోగం ఇచ్చాను. నిజం ఊలైతే వేడికి కరగదు, కాలినా త్వరగా ఆరిపోతుంది. తమరి అక్కగారు, అదే, అంతకు ముందు స్వెట్టర్ తాలూకు అక్రిలిక్ ముక్క, వేడి పెనం అంచుకు తగలగానే మెత్తబడి అతుక్కుపోయింది. నీలం రంగు మరక ఇప్పటికీ పోలేదు. ఆ పెనం మీద దోశ పోస్తే మా అత్తగారు దోశ వంక కాకుండా నా వంక చూస్తారు.

అందుచేత తమరికి తెలియజేయునదేమనగా, ఈ రోజు నుంచి తమరి కొలువు రద్దు. ఇకమీదట మా ఇంట్లో ఏ స్వెట్టర్‌కైనా ముందు ఒక టోపీ అల్లుతాను, అదే శాంపిల్. గుండ్రంగా అల్లుతాను కాబట్టి పర్ల్ గొడవ లేదు, తమరికన్నా పెద్దది కాబట్టి లెక్క కాస్త నమ్మొచ్చు. సూదులు మాత్రం బ్యాంకు అమ్మాయి స్కేలులో దూర్చి చూశాకే, అదీ ఆ పిల్ల పోరు పడలేక.

టోపీ కొలత తప్పితే ఏం చేస్తావని టీచరక్క అడిగింది. మా ఆయన డ్యూటీకి పోతూ సంచిలో పట్టుకుపోతారు. ధనుర్మాసం చలిలో కల్యాణకట్ట బయట నిలబడితే చాలు, ఏ సైజు టోపీకైనా సరిపోయే గుండు దొరక్కపోదు.

చిత్తగించవలెను.