పుస్తెలు, పులస, ఇద్దరు రచయిత్రులు

ఆడవాళ్ళ మనసు బాగా రాసింది యద్దనపూడి సులోచనారాణా, రంగనాయకమ్మా అన్న వివాదాన్ని పోయిన వరదల్లో మా రావులపాలెం కాఫీ హోటల్లో విచారణకి తీసుకున్నాం. సంఘంలో నలుగురం, నలుగురమూ మగవాళ్ళమే. ఆడవాళ్ళని పిలిస్తే సొంత అనుభవం అడ్డొచ్చి నిష్పక్షపాతం దెబ్బతింటుంది కదా.

ముందు యద్దనపూడి. ‘సెక్రటరీ’లో జయంతి మనసు పాఠకులందరికీ తెలుస్తుంది, ఒక్క రాజశేఖరానికి తప్ప. అంతవరకూ మాకు బాగానే ఉంది. తెలియకుండా కాపురం చెయ్యడం మాకూ అలవాటే. కానీ 1976లో అది సినిమా అయి, అక్కినేని రాజశేఖరంగా కనిపించాక మా తరం మొగుళ్ళ బతుకు కనాకష్టమైంది. ఇప్పటికీ నేను మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే మా ఆవిడ ఓ చూపు చూస్తుంది. ఆ చూపులో కారు ఉంటుంది.

రంగనాయకమ్మ తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టిన మనిషి. మన గోదావరి నీళ్ళేగా, కాస్త మొహమాటపడుతుందనుకున్నాం. అబ్బే! ‘జానకి విముక్తి’లో జానకి మనసులోకి తొంగి చూస్తే కలలు కనపడవు, లెక్కలు కనపడతాయి. ఎవరు వండారు, ఎవరు తిన్నారు, ఎవరు ఎవరి మీద కేకలేశారు. జానకి మొగుణ్ణి వదిలి వచ్చేయడం మొండితనమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వెంటనే, సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే పులస రేటు ఈసారి ఎన్ని వేలు పలుకుతోందో మెచ్చుకోలుగా చర్చించింది.

అక్కడే చిక్కొచ్చి పడింది. అప్పుచేసి ఓ పులస కొని ఇంటికెళ్ళాను. ఆవిడ మొహం చూసి, ‘పుస్తెలమ్మైనా పులస తినాలన్నారే!’ అన్నాను గంభీరంగా.

‘ఎవరి పుస్తెలండీ?’ అంది.

ఇన్నేళ్ళుగా ఈ సామెత చెప్పుకుంటున్నాం, ఒక్కడికీ ఆ అనుమానం రాలేదు. ‘పుస్తెలు నావి, తినేది మీరు, పొలుసు గీకేది మళ్ళీ నేను. సామెత బాగుందండీ’ అంది.

ఈ ప్రశ్న ఏ రచయిత్రి ఖాతాలో వెయ్యాలో సంఘానికి అంతుపట్టక విచారణ వాయిదా పడింది. ఆ సాయంత్రం ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని ‘సెక్రటరీ’ చదువుతూ కూర్చుంది. పులస వంటింట్లో అలాగే ఉంది. పక్కన కత్తిపీట, ఓ గుప్పెడు రాళ్ళుప్పు, నాకు కనపడేలా ‘జానకి విముక్తి’.