రాకుంటే లెక్క... ఇంటికి పోకుంటే?

హాజరు 80 శాతానికి తగ్గితే పీజీ వైద్య విద్యార్థికి పరీక్ష రాసే అర్హత పోతుంది. ఆ లెక్క కాలేజీలో పక్కాగా ఉంటుంది. అదే విద్యార్థి సోమవారం పొద్దున క్యాజువాల్టీలో అడుగుపెట్టి మంగళవారం రాత్రి దాకా హాస్టల్ ముఖం చూడకపోతే ఆ గంటలు రాసిపెట్టే రిజిస్టర్ మాత్రం వెతికినా కనబడదు.

నిబంధనలు లేక కాదు. రెసిడెంట్ల (ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే పీజీ వైద్యుల) నిరంతర విధులు మామూలుగా 12 గంటలు మించరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పీజీ నిబంధనల్లో అంకె జోలికే పోకుండా ‘సహేతుకమైన పనిగంటలు’ అని సరిపెట్టింది. వారానికో సెలవుకూ ‘పని అవసరాలకు లోబడి’ అన్న తోక తగిలించింది. సర్కారు దవాఖానాలో పని అవసరం లేని రోజంటూ ఉంటుందా? వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై కమిషన్ వేసిన కార్యదళమే 2024లో వారానికి 74 గంటలు దాటొద్దంది. అందులోనే ఒక 24 గంటల డ్యూటీ కలిసి ఉంది. అదైనా అమలైతే మేలనుకునే స్థితి పీజీలది! ఆ కార్యదళం సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీల్లో సుమారు 31 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు.

పని ఎక్కువైతే ఓర్చుకుంటారు. మనసు విరిగేది వేరేచోట. సర్జరీ నేర్చుకుందామని వచ్చిన మొదటి ఏడాది పీజీలు రక్తం శాంపిళ్లు ల్యాబ్‌కు మోస్తారు, స్కాన్ రిపోర్టు కోసం రేడియాలజీ గుమ్మం ముందు నిలబడతారు, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపుతారు, డిశ్చార్జి సమ్మరీలు రాస్తారు. థియేటర్లో వారి వంతుకు వచ్చేది కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోవడం. వార్డుబాయ్, టెక్నీషియన్ పోస్టులు నింపకుండా ప్రభుత్వాలు మిగుల్చుకుంటున్నది వీళ్ల నిద్రనే.

నోరెత్తుదామంటే థీసిస్‌పై సంతకం విభాగాధిపతి (హెచ్‌ఓడీ)ది. మానేద్దామంటే సీటు వదిలితే లక్షలు కట్టాలనే బాండు. దాన్ని ఎత్తేయాలని కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలను కోరింది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) సకాలంలో స్టైపెండ్ ఇవ్వాలంటూ సమ్మెకు దిగారు. రావాల్సిన డబ్బుకే సమ్మె చేయాల్సి వస్తే విశ్రాంతి అడిగేదెప్పుడు? కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఆ ఆగస్టులో హత్యకు గురైన పీజీ వైద్యురాలు రాత్రి డ్యూటీ మధ్య నడుం వాల్చింది సెమినార్ హాల్లో.

ప్రతి విభాగం డ్యూటీ చార్టునూ, ఎవరు ఎన్నింటికి డ్యూటీ దిగారన్న వివరంతో సహా, నెలనెలా కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పీజీ సీట్లు పెంచమని దరఖాస్తు వచ్చినప్పుడు కమిషన్ పడకల లెక్కతో పాటు ఆ చార్టునూ అడగాలి.