వీగన్ బర్గర్ తిని షుగర్ మాత్రలు మానేస్తారా? ఆ ఏడు ‘నిజాల’ సంగతి

‘తిరుపతిలో వీగన్ ఫాస్ట్‌ఫుడ్: డాక్టర్లు దాచిపెట్టే 7 నిజాలు’ అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ సాయంత్రంలోపు వస్తుంది. వీగన్ అంటే మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా లేని తిండి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, ఎవరిదో పెళ్లి కోసం పెట్టి ఇప్పటికీ మూసేయని బంధువుల గ్రూపులో కూడా వచ్చింది. పైన బర్గర్ బొమ్మ, కింద వరసగా దండాల బొమ్మలు, మధ్యలో ఏడు పాయింట్లు. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. గ్రూపులో వాదిస్తే పండక్కి ముఖాలు చూసుకోలేం కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఆ మెసేజ్ చెప్పే వీగన్ కొట్టుతో నాకు పేచీ లేదు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు పనిబడితే నేనూ అక్కడే తింటా. నానబెట్టిన మీల్ మేకర్‌ను గట్టిగా పిండి, బీట్‌రూట్ తురుముతో కలిపి బిళ్లలు చేసి, అంచులు కరకరలాడేదాకా పెనం మీద కాలుస్తారు. జీడిపప్పు రుబ్బి చేసిన మయోనీస్ బన్ను పక్కనుంచి కారి మోచేతిదాకా వస్తుంది. బాగుంటుంది, అందుకే తింటా. మిరపకాయ బజ్జీని కూడా అందుకే తింటా. బజ్జీ గుండెకు మంచిదని ఎవరూ ఫార్వర్డ్ చేయరు కాబట్టి దానితో ఈ బాధ లేదు.

మొదటి ‘నిజం’: వీగన్ ఫాస్ట్‌ఫుడ్‌లో కొలెస్ట్రాల్ సున్నా, కాబట్టి గుండెకు రక్ష. సున్నాయే, ఒప్పుకున్నాం. ఆ లెక్కన డాల్డాలోనూ సున్నాయే. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. మన రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో దాదాపు సగం అదే, కొబ్బరినూనెలో 80 శాతానికి పైనే. వీగన్ చీజ్‌ను చాలావరకు కొబ్బరినూనె, గంజిపొడులతోనే గడ్డకట్టిస్తారు. ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. బన్ను, బిళ్ల, సాస్, పైన మసాలా చల్లిన ఫ్రైస్ కలిపితే ఆ రోజు కోటాలో పెద్ద ముక్క అక్కడే అయిపోతుంది. బీపీకి ఆ ఉప్పు వీగన్ కొట్టుదా, చికెన్ కొట్టుదా అని తెలియదు.

రెండోది: షుగర్ ఉన్నవాళ్లు కడుపునిండా తినొచ్చు, 90 రోజుల్లో మాత్రలు మానేయొచ్చు. ఏం తిని? మైదా బన్ను, ఉర్లగడ్డ ఫ్రైస్, పక్కన తియ్యటి డ్రింకు. అన్నీ మొక్కల నుంచి వచ్చినవే, నిజం. చక్కెర కూడా చెరుకులోంచే వస్తుంది మరి. పప్పులు, చిరుధాన్యాలు, ఆకుకూరలు ఎక్కువగా తిని, బరువు తగ్గితే షుగర్ అదుపులోకి వస్తుంది, కొందరికి డాక్టరే మాత్రలు తగ్గిస్తాడు. అందులో అనుమానం లేదు. ఆ మాటను తెచ్చి కాంబో మీల్‌కు అతికించడమే ఈ మెసేజ్ రాసినవాడి ప్రతిభ. ఇన్సులిన్ మీదే బతికే మొదటి రకం షుగర్ పిల్లలు ఉంటారనీ, వాళ్లకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందనీ అతనికి తోచలేదు. ‘షుగర్ ఉన్నవాళ్లు’ అని అందర్నీ ఒకే గంపలో వేసేశాడు.

మూడో దగ్గరే నా ఓపిక పోయింది. నరాలకూ రక్తానికీ కావలసిన బి12 విటమిన్ గురించి అది. అక్షరం మార్చకుండా ఇస్తున్నా: ‘బి12 అనేది మందుల కంపెనీల వ్యాపారం. పులిసిన ఇడ్లీ పిండిలో, కడగని ఆకుకూరల మట్టిలో, మన పేగుల్లోనే కావలసినంత తయారవుతుంది. మాత్రలు పారేయండి.’

మా పెద్దమ్మ చిత్తూరులో ఉంటుంది. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మింగుతోంది. మాంసం, గుడ్డు ముట్టదు. కొంతకాలంగా అరికాళ్లు మంటలనీ, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదనీ అంటుంటే డాక్టరు రక్తపరీక్ష చేయించి, బి12 బాగా తక్కువగా ఉందని మాత్ర రాశాడు. ఈ మెసేజ్ వచ్చిన రోజే ఫోన్ చేసింది. ‘అబ్బోడా, ఆ ఎర్ర మాత్ర ఇంక మింగబన్లేదంట గదా, ఇడ్లీలోనే ఉండాదంట!’

ఇది రాసినవాడెవడో ఆ ఫోన్ ఎత్తి ఉంటే బాగుండేది.

బి12ను ఏ మొక్కా తయారుచేయదు, ఏ జంతువూ తయారుచేయదు. చేసేవి బాక్టీరియాలు. ఆవు, గేదె మొదటి కడుపులో ఉండే బాక్టీరియాలు చేసింది వాటి ఒంటికి పట్టి పాలలోకి వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు, అంతే. మాంసం, చేప, గుడ్డు తిననివాళ్లకు మామూలు తిండిలో అది అందే ముఖ్యమైన దారి పాలు, పెరుగే. 100 మిల్లీలీటర్ల పాలలో అర మైక్రోగ్రాముకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అంటే రోజుకు అరలీటరు పాలో పెరుగో పడితే గట్టెక్కుతారు. మజ్జిగన్నంతో సరిపెట్టుకునే మన శాకాహారుల్లోనే ఈ లోటు మామూలు. ఇప్పుడు ఆ మజ్జిగ కూడా మానేసి వీగన్ అయినవాళ్లకు, ఆ ఒక్క మాత్రను కూడా పారేయమని చెప్తున్నాడీ పెద్దమనిషి.

ఇడ్లీ పిండిని పొంగించే బాక్టీరియాలు పిండిని పులియబెడతాయి, నమ్ముకునేంత బి12ను ఇవ్వవు. ఇస్తే పొద్దున ఇడ్లీ తినని ఇల్లు లేని మన జిల్లాలో ఈ లోటే ఉండకూడదు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉండేది చాలావరకు బి12ను పోలిన వేరే పదార్థం, ఒంటికి పనికిరాదు. మట్టి తినమంటారా, ముందు నులిపురుగులు వస్తాయి. పేగుల సంగతి అసలు గమ్మత్తు: అక్కడ బి12 తయారయ్యే మాట నిజమే, కానీ తయారయ్యేది పెద్దపేగులో. ఒంటికి పట్టేది అంతకు ముందే, చిన్నపేగు చివర్లో. కొండ దిగి అలిపిరికి వచ్చేశాక దర్శనం టికెట్టు చేతికిచ్చినట్టు.

‘రెండేళ్ల నుంచి వీగన్‌గా ఉన్నా, నాకేం కాలేదే’ అని గ్రూపులో ఒక తమ్ముడు రాశాడు. కాదు తమ్ముడూ, అప్పుడే కాదు. కాలేయంలో నిల్వ ఉంటుంది, అది ఏళ్లపాటు వస్తుంది. నిల్వ అడుగంటాక నీరసం, నాలుక మంట, వేళ్లలో తిమ్మిరి, మతిమరుపు, నడకలో తూలు ఒక్కొక్కటే మొదలవుతాయి. ఆకుకూరలు బాగా తినేవాళ్లలో ఇంకో మోసం ఉంది. వాటిలోని ఫోలేట్ అనే ఇంకో విటమిన్ వల్ల రక్తహీనత బయటపడకపోవచ్చు, రిపోర్టులో హిమోగ్లోబిన్ బాగానే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూ ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం కొంత వెనక్కి రాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బి12 లేకుండా వీగన్‌గా ఉంటే దెబ్బ పసిబిడ్డ మెదడు మీద పడుతుంది.

మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవాళ్లలో బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది, అప్పుడప్పుడు పరీక్ష చేయించాలని షుగర్ వైద్య మార్గదర్శకాలే చెప్తాయి. గ్యాస్ మాత్రలు ఏళ్లకేళ్లు వాడినా ఇదే తంతు. పరగడుపున గ్యాస్ మాత్ర మింగని ఇల్లు మన వీధిలో ఎన్ని? అంటే, పాలు మానేసి, మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ, గ్యాస్ మాత్ర మింగే మనిషి బి12 మాత్ర కూడా పారేస్తే లోటు తప్పించుకోవడం కష్టం. కాళ్ల మంటలు వస్తే ‘షుగర్ కదా, మామూలే’ అని ఊరుకుంటారు. ఈ మెసేజ్ గురిపెట్టింది సరిగ్గా ఆ మనిషికే.

ఇంతకీ కుట్ర ఎవరిదంట? వీగన్ అనే పేరు పుట్టిందే 1944లో ఇంగ్లండులో పెట్టుకున్న వీగన్ సొసైటీ దగ్గర. బి12 కలిపిన ఆహారమో, మాత్రో తప్పనిసరిగా తీసుకోవాలని వీగన్లకు ఆ సొసైటీయే చెప్తుంది. వాళ్లూ మందుల కంపెనీల మనుషులేనా? పోనీ మాత్రలో జంతువుల సరుకు ఉంటుందని భయమా? ఫ్యాక్టరీలో దాన్ని తయారుచేసేవీ బాక్టీరియాలే. క్యాప్సూల్ అయితే పైతొడుగు జిలెటిన్‌దేమో చూసుకోండి, మామూలు మాత్ర అయితే పాల నుంచి తీసిన లాక్టోజ్ కలిపారేమో చూసుకోండి.

పెద్దమ్మ మాత్ర మింగుతోంది. తిట్టి మింగించాం.

నాలుగోది చదివి మాత్రం కాసేపు ఆగిపోయా: ‘మనలో చాలామందికి పెద్దయ్యాక పాలు పడవు.’ ఇది నిజం. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగడానికి కావలసిన ఎంజైమ్ చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. మన దేశంలో ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఇలాంటివాళ్లు ఎక్కువ. పాలు తాగిన గంటలో కడుపు ఉబ్బరం, గడబిడ. దానికి ‘గ్యాస్’ అని పేరుపెట్టి, మళ్లీ అదే మాత్ర. పెరుగు కొంత నయం, పులిసేటప్పుడే కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది. అలాంటివాళ్లకు ఊళ్లో ఒక చోట భయం లేకుండా కోల్డ్ కాఫీ తాగే వీలు కలగడం చిన్న సుఖం కాదు. ఆ కొట్లో చెనిక్కాయల పాలతో చేసిన కోల్డ్ కాఫీ నాకు పాలకాఫీ కంటే బాగుంది, పిల్లిలా కళ్లు మూసుకోకుండానే చెప్తున్నా. పాలు మానితే కాల్షియం ఎలా అంటారేమో, మన సంగటి ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. చెప్పాల్సింది ఇది. ఇది మాత్రం ఏడింటిలో ఎక్కడా లేదు. పాలు పడవన్న ఈ ఒక్క పాయింట్‌తో ఆగి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

ఆగలేదు. ఐదోది: పాల ఎలర్జీ ఉన్న పిల్లలకు కళ్లు మూసుకుని పెట్టొచ్చు. దయచేసి తెరిచే పెట్టండి. పాలు పడకపోవడం వేరు, పాల ఎలర్జీ వేరు. ఎలర్జీ అనేది పాలలోని ప్రొటీన్ మీద ఒళ్లు తిరగబడటం. కొందరు పిల్లలకు రవ్వంత తగిలినా ఊపిరి అందని పరిస్థితి వస్తుంది. వీగన్ కొట్టుకు బన్నులు బయట బేకరీ నుంచి వస్తే, ఆ బేకరీలో అదే బల్ల మీద వెన్న బిస్కట్లు, పాలకోవా బన్నులు చేస్తుంటారు. పైగా వీగన్ వంటగది నడిచేదే జీడిపప్పు, చెనిక్కాయలు, సోయా, గోధుమల మీద. పిల్లల ఎలర్జీల చిట్టాలో ఇవి నాలుగూ ఉన్నాయి. కౌంటర్ దగ్గర అడగండి, అడిగితే చెప్తారు.

ఆరోది: ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే వీగనే. పన్నీర్ ప్యాకెట్ మీద కూడా ఉంటుందయ్యా ఆ చుక్క. అది శాకాహారం గుర్తు, పాలూ తేనే అందులో చెల్లుతాయి. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది, గుర్తూ వేరే: ఆకు మొలిచిన ఆకుపచ్చ వి అక్షరం. ఇంతే దీని సంగతి.

ఏడోది మన ఊరి కోసం ప్రత్యేకంగా వండింది: వీగన్ అంటే సాత్వికం, ఏకాదశికీ వ్రతాలకూ పనికొస్తుంది, మన తాతలంతా వీగన్లే. వీగన్‌కు ఉల్లితో తగాదా లేదు స్వామీ. ఆ బిళ్లలో ఉల్లి ఉంది, సాస్‌లో వెల్లుల్లి ఉంది, ఫ్రైస్ మీద చల్లే పొడిలో రెండూ ఉన్నాయి. కొండమీద అన్నప్రసాదంలో 2025లో మసాలా వడ మొదలుపెట్టినప్పుడు కూడా ఉల్లి, వెల్లుల్లి లేకుండానే పెట్టారు. వ్రతంలో ఉన్నవాళ్లు చూసుకునేది దాన్ని. తిరగేసి చూస్తే ఇంకా తమాషా: ఏకాదశి నాడు మన ఇళ్లల్లో తీసుకునేది పాలు, పళ్లు. అందులో సగం వీగన్ కాదు. శ్రీవారి లడ్డూ నెయ్యి లేకుండా లేదు. తాతలు వీగన్లయితే అటక మీద ఆ కవ్వం ఎవరిదో కనుక్కోవాలి.

ఏడూ అయ్యాక చివర్లో ఒక లైను ఉంది, చాలామంది అసలు చదివింది అదే: ‘ఈ మెసేజ్ 11 మందికి పంపి, కౌంటర్‌లో చూపిస్తే 50 శాతం తగ్గింపు.’ అడిగా. అక్కడ నూనెలోంచి ఫ్రైస్ బుట్ట ఎత్తుతున్న అబ్బాయి మొహం చిరాగ్గా పెట్టాడు. ‘మేము రాయలేదు సామీ, ఎవురు రాసినారో తెల్దు. దినామూ వచ్చి ఫోన్లు చూపిస్తా ఉండారు. లేదంటే మాతోనే గొడవ.’ మాట్లాడుతుండగానే నా వెనకాల ఒకాయన ఫోన్ పైకెత్తాడు.

తగ్గింపు లేదు. బోర్డు మీద ఉన్నదే రేటు.