మీ ఎడమా, నా ఎడమా?

మా మరదలు వాళ్ళది పక్కిల్లు కాదు, పక్కింటికి పక్కిల్లు. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఇల్లు ఒక క్రాస్‌లో, అంటే అడ్డవీధిలో, వాళ్ళ వాకిలి ఇంకో క్రాస్‌లో. మేడ ఎక్కితే మాత్రం కేకేస్తే వినపడేంత దూరం. జూన్‌లో వాళ్ళ క్రాస్‌ను మురుగు పైపుల కోసం తవ్వారు. తవ్వినవాళ్ళు మట్టితో పాటు ఇంటర్నెట్ తీగ కూడా పైకి తీసి, రెండు ముక్కలు చేసి, గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. కంపెనీ కుర్రాడు వచ్చి చూసి, రోడ్డు పూడ్చేదాకా చేసేదేం లేదన్నాడు. రోడ్డు ఎప్పుడు పూడుస్తారయ్యా అంటే ఆకాశంలోకి చూశాడు.

మా తోడల్లుడిది బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో నెట్ లేకపోయినా బతికేస్తాడు. మరదలు ఇంటి నుంచే పనిచేస్తుంది, ఆమెకు గడవదు. "బావగారూ, మీరు సాఫ్ట్‌వేర్ కదా" అంది. నేను చేసేది టెస్టింగ్, అంటే ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి. కానీ మనవాళ్ళ లెక్కలో సాఫ్ట్‌వేర్ అంటే మిక్సీ రిపేరు దగ్గర్నుంచి రాకెట్ దాకా అన్నీ వచ్చని. నెల్లూరు నుంచి వచ్చిన మామగారు సోఫాలో కూర్చుని వింటున్నారు. ఆయన ముందు రాదని చెప్పలేక, "ఎంతసేపమ్మా, ఒక్క ఆదివారం పని" అనేశాను.

మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, మాకు అందులో సగం కూడా అక్కర్లేదు, కానీ మధ్యలో ఉన్నది ఇంకొకరి ఇల్లు, ఆ ఇంటి ఆంటీ మేడ మీద కాకి వాలినా ఎవరి కాకి అని అడిగే రకం. కాబట్టి గాలిలోనే పంపాలి. ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకెళ్ళి, మేడల మీద బిగించే వైర్‌లెస్ డబ్బాలు ఒక జత కొనుక్కొచ్చాను. ఇంటర్నెట్ కంపెనీ షరతుల్లో పక్కింటికి కనెక్షన్ ఇవ్వకూడదని ఉంటుందిగా అని మా ఆవిడ అంది. వాళ్ళది పక్కిల్లు కాదుగా అని నేనన్నాను.

మామగారి బెంగ వేరు. "అల్లుడుగారూ, దీనికి లైసెన్సేమీ అక్కర్లేదా? మా రోజుల్లో రేడియోకే పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్ళం" అన్నారు. ఇప్పుడు అక్కర్లేదండీ, వైఫై వాడే రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లోనే తీసేశారు, 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగానికి 2018లో తీసేశారు అని చెప్పాను. ఆయన తలూపి, కాసేపాగి, ఎవరైనా వచ్చి అడిగితే డబ్బాలు ఎక్కడ దాచాలని అడిగారు.

మేం కొన్నవి 5 గిగాహెర్ట్జ్‌వి. 2.4లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్ళు, అంటే సిగ్నల్ నడిచే దారులు, మూడే, 1, 6, 11. మా మేడ మీద ఫోన్ తెరిస్తే కనిపించిన నెట్‌వర్కులు 27. శ్రావణ శుక్రవారం నాటి మల్లెపూల అంగడిలాగా ఉంటుంది.

ఆదివారం పొద్దున నేను మా సోలార్ హీటర్ స్టాండుకు ఒకటి బిగించాను, తోడల్లుడు వాళ్ళ మేడ మీద పైపుకు ఇంకోటి. ఈ డబ్బాలు ఒకదాని మొహం ఒకటి సూటిగా చూసుకోవాలి. నాకు చిన్నప్పుడు దూరదర్శన్ కోసం యాంటెన్నా తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. "అన్నయ్యా, ఎటు తిప్పమంటారు?" "కొంచెం ఎడమకి." "మీ ఎడమా, నా ఎడమా?" ఎదురెదురుగా నిలబడిన ఇద్దరికి ఎడమ ఒకటి కాదని ఆ క్షణం దాకా నేనూ ఆలోచించలేదు. చివరికి కొబ్బరిచెట్టు వైపు, వాటర్ ట్యాంకు వైపు అని పేర్లు పెట్టుకున్నాం.

సిగ్నల్ బలం చెప్పే అంకె కనిపిస్తుంది చూడు, ఎంత ఉందో చెప్పు అన్నాను. డెబ్భై అన్నాడు. ఇంకొంచెం తిప్పు. డెబ్భై ఎనిమిది. ఇంకొంచెం. ఎనభై ఐదు! నెగ్గేశాం అన్నయ్యా అని అక్కడ గంతేశాడు, ఇక్కడ నాకు నెట్‌వర్కే మాయమైంది. అరగంట గింజుకున్నాక తెలిసింది, అంకె ముందు మైనస్ గుర్తుందని. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. బ్యాంకువాడివి, మైనస్ అంటే అప్పనుకోవయ్యా, తగ్గించు అన్నాను. పది నిమిషాల్లో 58కి తెచ్చాడు. వసూళ్ళలో అతనికి మంచి పేరుంది.

సాయంత్రానికి రెండిళ్ళలోనూ నెట్ పోయింది. వాళ్ళ పాత రౌటరూ మా రౌటరూ రెండూ 192.168.1.1 అనే చిరునామాతోనే కూర్చుని, ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకూ నంబర్లు పంచడం మొదలెట్టాయి. ఒకే ఒరలో రెండు కత్తులు. వాళ్ళ దానికి చిరునామా మార్చి, పంపకాల పెత్తనం పీకేశాక దారికొచ్చాయి. సోమవారం నుంచి మరదలు పని నడిచింది, పదకొండు దాకా. పదకొండింటికి పోయి ఒంటిగంటకు వచ్చింది. మర్నాడూ అంతే. గురువారం మేడ ఎక్కి చూద్దును కదా, మధ్య ఇంటి ఆంటీ తీగ మీద రెండు తడి దుప్పట్లు, సరిగ్గా మా రెండు డబ్బాలకూ నడుమ, కల్యాణంలో తెరలాగా. ఈ తరంగాలు గాలిలో హాయిగా పోతాయి, నీళ్ళు కనిపిస్తే మాత్రం అక్కడే ఇంకిపోతాయి. "ఏనప్పా, నోడ్తిద్దీయా?" అంది ఆంటీ. దుప్పట్లు చూస్తున్నానండీ అని ఏ భాషలో చెప్పినా బాగుండదు. దిగొచ్చి, రెండు వైపులా డబ్బాలను మూడడుగులు పైకి లేపించాను.

తర్వాత నెలన్నర ఏ గొడవా లేదు. అసలు గొడవ వరలక్ష్మీ వ్రతం రోజున.

మా ఆవిడ, మామగారు మరదలింటికి వెళ్ళారు, పేరంటం అక్కడే. మా ఇంట్లో బాత్రూం ఫ్లష్ ట్యాంకు నెల రోజులుగా కారుతోంది, మా ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని తలుచుకుంటోంది. ఇంట్లో ఎవరూ లేరు కదా బాగు చేసేద్దామని, ఒక రిపేరు వీడియో పట్టుకుని, పెద్దగా కనిపిస్తుందని ఫోన్లోంచి టీవీకి పంపాను. జాబితాలో ఒకే పేరుతో రెండు టీవీలు కనిపించాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ పోయిన దసరా ఆఫర్లో ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొన్నారని ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? పైదాన్ని నొక్కాను. మా టీవీ నల్లగానే ఉంది. సౌండు పెంచాను. ఇంకా పెంచాను.

అక్కడ లక్ష్మీ అష్టోత్తరం ఆగిపోయి, గది నిండా, "మీ కమోడ్‌లో రాత్రంతా నీళ్ళు కారుతున్నాయా? రండి, మూత తీసి చూద్దాం" అని వినపడిందట. పదిహేను మంది ముత్తైదువలు, చేతుల్లో అక్షతలు. తోడల్లుడు పరుగెత్తి టీవీ ఆపాడు. ఇక్కడ నేను మళ్ళీ నొక్కాను. ఫోన్ నుంచి పంపితే ఆరిపోయిన టీవీ కూడా లేచి కూర్చుంటుంది. అతను ఆపడం, నేను లేపడం, మూడుసార్లు. మూత మూడుసార్లూ తీశారు. మా ఆవిడకు మొదటిసారే అర్థమైందట, ఫోన్ చేస్తూనే ఉంది, నాది సైలెంట్‌లో ఉంది. చివరికి తోడల్లుడు స్విచ్ బోర్డులోంచి ప్లగ్ పీకి చేత్తో పట్టుకుని, మళ్ళీ ఎవరైనా పెడతారేమోనని అక్కడే నిలబడ్డాడట, హారతి అయ్యేదాకా.

ఆ రాత్రి మా ఆవిడ మాట్లాడలేదు. నన్ను పలకరించింది మధ్య ఇంటి ఆంటీ ఒక్కతే. మర్నాడు గేటు దగ్గర ఆపి, వాళ్ళింట్లోనూ కారుతోందట, ఆ వీడియో పూర్తిగా చూడనివ్వలేదు, లింకు పంపమంది.

రెండిళ్ళ నెట్‌వర్కులనూ విడదీసేస్తానన్నాను. అక్కాచెల్లెళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకంటే ప్రింటర్ మా ఇంట్లో ఉంది, మరదలి కొడుకు స్కూలు ప్రాజెక్టులన్నీ అక్కడి నుంచి నొక్కితే ఇక్కడ పడతాయి. సరే, టీవీల పేర్లు మాత్రం మార్చి ఊరుకున్నాను.

మొన్న రాత్రి పదకొండున్నరకు, అందరం నిద్రలో ఉండగా, హాల్లో ప్రింటర్ దానంతటదే గురగురమంది. మామగారు లేచి, లైసెన్సు వాళ్ళేమో అన్నారు. వెళ్ళి చూస్తే ఒక కాగితం, పెళ్ళి బ్యానర్ మీద వేసేంత అక్షరాలు:

"బావగారూ, నెట్ పోయింది. మీ ఫోన్ మళ్ళీ సైలెంట్‌లో ఉంది."