రోమ్‌కి వీకెండ్ ట్రిప్: ఆ ఫార్వర్డ్‌ని నమ్ముకుని బయల్దేరకండి

"ప్లాన్ లేకుండా రెండు రోజుల్లో రోమ్" అనే మెసేజ్ ఒకటి యూరప్‌లో ఉంటున్న మనవాళ్ల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిదీ: ఐర్లాండ్ వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు, ముందుగా ఏమీ బుక్ చేయొద్దు, రోమా పాస్ (మ్యూజియాలకీ, బస్సు, మెట్రోలకీ కలిపి అమ్మే కార్డు) కొంటే వాటికన్‌తో సహా అన్నీ ఫ్రీ, నెలలో చివరి ఆదివారం వెళ్తే ఇంకా లాభం, మెట్రో అన్ని చోట్లకీ వెళ్తుంది, పంపు నీళ్లు తాగకూడదు, వెజ్‌వాళ్లకి ఇటలీలో లోటే లేదు.

రాసినవాళ్లు రోమ్ వెళ్లలేదని అనలేం. ఒకప్పటి రోమన్ గుడి, ఇప్పటి చర్చి అయిన పాంథియాన్ ఫ్రీ అని రాశారు కాబట్టి వెళ్లి చాలా కాలమై ఉంటుంది. అక్కడ 2023 జూలైలోనే 5 యూరోల టికెట్ పెట్టారు. మెసేజ్‌లో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: పాత నగరం చిన్నది, నడిచి తిరగొచ్చు. కొలోసియం నుంచి పాంథియాన్‌కి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అయితే రెండు రోజుల ట్రిప్ దెబ్బతినేది దూరాల వల్ల కాదు, గడియారం వల్ల. మెసేజ్‌లోని ఒక్కో మాటా చూద్దాం.

"ఐర్లాండ్ ఈయూలోనే ఉందిగా, అదే వీసాతో వెళ్లిపోవచ్చు."

ఈయూ వేరు, షెంగెన్ వేరు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. ఐర్లాండ్ ఈయూలో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. యూకే ఆ రెంటిలోనూ లేదు. డబ్లిన్‌లోనో లండన్‌లోనో ఉంటున్న ఇండియన్ పాస్‌పోర్ట్‌వాళ్లకి రోమ్ వెళ్లాలంటే షెంగెన్ వీసా కావాల్సిందే. జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి అక్కర్లేదు. కాకపోతే పాస్‌పోర్టూ పర్మిట్ కార్డూ రెండూ దగ్గర ఉండాలి. ఇటలీ ఒక్కటే చూస్తుంటే ఇటలీకే అప్లై చేయాలి. రెండు దేశాలైతే ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి, సమానమైతే ముందు దిగే దేశానికి. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి.

బడ్జెట్ విమానాల్లో ఇంకో మెలిక ఉంటుంది. ఈయూ పాస్‌పోర్ట్ లేనివాళ్ల వీసా కాగితాలు గేటుకి వెళ్లకముందే కౌంటర్లో చూపించాలనే రూల్ కొన్నింటికి ఉంది. ఫోన్లో బోర్డింగ్ పాస్ వచ్చింది కదా అని నేరుగా గేటుకి వెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపుతారు.

"ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రైనే చవక."

ఒక్కరైతే నిజమే. రోమ్ పెద్ద ఎయిర్‌పోర్ట్ ఫియుమిచీనో నుంచి టెర్మినీ స్టేషన్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 14 యూరోలు, 32 నిమిషాలు. నలుగురు విడివిడిగా టికెట్లు కొంటే 56 అవుతుంది. లైసెన్సున్న తెల్ల టాక్సీలో పాత కోటగోడల లోపలికి నగరపాలక సంస్థ పెట్టిన ఫిక్స్‌డ్ రేటు 55 యూరోలు. అది మనిషికి కాదు, బండి మొత్తానికి, సామానుతో కలిపి. ఎక్కేముందే ఆ రేటు ఒప్పించుకోండి. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ఎయిర్‌పోర్ట్ నుంచి ఆఖరి ఎక్స్‌ప్రెస్ రాత్రి పదకొండున్నరకి ముందే వెళ్లిపోతుంది. 8 యూరోల లోకల్ ట్రైన్ కూడా ఉంది కానీ అది ట్రస్టెవెరె, ఓస్తియెన్సె మీదుగా పోతుంది, టెర్మినీకి రాదు.

"బుకింగులు దండగ. కొలోసియం దగ్గర అప్పటికప్పుడు టికెట్ దొరుకుతుంది."

దొరుకుతుంది, బయట తిరిగే ఏజెంట్ల దగ్గర, గైడ్‌తో కలిపి రెండు మూడింతల రేటుకి. "లైన్ లేకుండా లోపలికి" అంటారు. టికెట్ లైన్ తప్పుతుందేమో గానీ సెక్యూరిటీ చెక్ లైన్ ఏ టికెట్‌కీ తప్పదు. అధికారిక సైట్‌లో మామూలు టికెట్ 18 యూరోలు. కొలోసియంతో పాటు పక్కనే ఉన్న పాత శిథిలాలు ఫోరమ్, పాలటైన్ కొండ కూడా అందులోనే. 24 గంటలు చెల్లుతుంది, కానీ కొలోసియంలోకి మాత్రం మీరు ఎంచుకున్న టైంకే వెళ్లాలి, ఆ టైం దాటితే టికెట్ పోయినట్టే. టికెట్లు 30 రోజుల ముందు వదులుతారు. వీకెండ్ పొద్దుటి స్లాట్లు ముందుగా అయిపోతాయి.

2023 అక్టోబర్ నుంచి టికెట్ మీద పేరు ఉండాలి, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో పోల్చి చూస్తారు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించి రాయడం మనకి అలవాటు. బుక్ చేసేటప్పుడు అలా వద్దు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు ఎలా ఉన్నాయో అలాగే పూర్తిగా కొట్టండి.

ఆదివారం హోటల్ ఖాళీ చేసి, ట్రాలీ లాక్కుంటూ కొలోసియానికి వెళ్లడం ఇంకో పొరపాటు. పెద్ద బ్యాగులూ సూట్‌కేసులూ లోపలికి రానివ్వరు, పెట్టుకోవడానికి అక్కడ క్లోక్‌రూమ్ లేదు. సామాను హోటల్లోనే వదిలి రండి, లేదా టెర్మినీ స్టేషన్లో డబ్బు కట్టి పెట్టుకోండి.

"నెలలో చివరి ఆదివారం వాటికన్ మ్యూజియం ఫ్రీ. ఆ వీకెండే పెట్టుకోండి."

ఫ్రీ అన్నది నిజం, సలహానే తప్పు. మిగతా ఆదివారాలు ఆ మ్యూజియం తెరవనే తెరవరు. చివరి ఆదివారం 9 నుంచి 2 దాకా తెరుస్తారు, 12:30 తర్వాత లోపలికి పంపరు. ఆ రోజుకి ఆన్‌లైన్ బుకింగ్ లేదు కాబట్టి ఊరంతా ఒకే లైన్లో నిలబడాలి. మీకున్న రెండు పొద్దుల్లో ఒకటి వాటికన్ గోడ పక్కనే గడిచిపోతుంది. లోపలికి వెళ్లాక పెయింటింగులకి పేరుపడ్డ సిస్టీన్ చాపెల్ దాకా దారి ఒకటే, పొడుగాటిది, ఆ జనంలో త్వరగా నడుద్దామన్నా కుదరదు.

శనివారం పొద్దున 8 గంటల స్లాట్ తీసుకోండి. 20 యూరోల టికెట్, 5 బుకింగ్ ఫీజు, మొత్తం 25. మ్యూజియం గేటు సెయింట్ పీటర్స్ చౌక్‌లో లేదు, గోడ చుట్టూ తిరిగి ఉత్తరం వైపు వెళ్లాలి. చౌక్ నుంచి పావుగంట నడక. చౌక్ దాకా వెళ్లి, అప్పుడు మ్యాప్ తీసి, స్లాట్ దాటబెట్టుకునేవాళ్లు రోజూ ఉంటారు. మెట్రో ఎ లైన్లో ఒత్తవియానో దగ్గర దిగితే తిన్నగా పోవచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, మగవాళ్ల షార్ట్స్‌కీ ఇదే రూల్. సంచిలో ఒక చున్నీ ఉంటే భుజాల సంగతి తీరిపోతుంది. చౌక్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకి టికెట్ లేదు గానీ సెక్యూరిటీ లైన్ వేరే ఉంటుంది. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్ట్‌కి డబ్బు కట్టినా చివరి 320 ఎక్కాల్సిందే, పైకి పోయేకొద్దీ గోడ ఒంగి మనం కూడా పక్కకి ఒరిగి నడవాలి. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ముందే ఆలోచించుకోండి.

పాంథియాన్‌లో ఆదివారం 10:30కి ప్రార్థన జరుగుతుంది, ఆ సమయంలో సందర్శకులని ఆపేస్తారు. మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి. చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు, నాలుగు దాకా మూసే ఉంటాయి.

"రోమా పాస్ కొంటే అన్నీ ఫ్రీ."

కావు. 48 గంటల పాస్‌లో ఒక్క చోటే ఫ్రీ, ఆ తర్వాత రాయితీ మాత్రమే. వాటికన్ వేరే దేశం, ఈ పాస్ అక్కడ చెల్లదు. లియొనార్డో ఎక్స్‌ప్రెస్‌లోనూ చెల్లదు. కొలోసియానికి పాస్ ఉన్నా స్లాట్ విడిగా బుక్ చేయాలి. లెక్క చూడండి: కొలోసియం 18, బస్సో మెట్రోనో ఆరుసార్లు ఎక్కితే ఒక్కోటి 1.50 చొప్పున 9, మొత్తం 27. పాస్ ధర 30కి పైనే. ఇంకో మ్యూజియం చూసినా అక్కడ రాయితీ మాత్రమే కాబట్టి, మీ లెక్క చూసుకునే కొనండి. ఉత్త నడకే అయితే వద్దు.

మిగిలిన డబ్బు హోటల్ దగ్గర పనికొస్తుంది. ఆన్‌లైన్లో కనిపించే రేటు మీద సిటీ టాక్స్ అక్కడ విడిగా కట్టించుకుంటారు. త్రీ స్టార్‌లో మనిషికి రాత్రికి 6 యూరోలు. ఇద్దరు, రెండు రాత్రులు: 24.

"మెట్రో అన్ని చోట్లకీ వెళ్తుంది."

పాంథియాన్, నవోనా చౌక్, ట్రస్టెవెరె, ఈ మూడింటికీ స్టేషన్ లేదు. తవ్వితే ఏదో ఒక పాత కట్టడం బయటపడే నేల అది. ట్రస్టెవెరెకి వెనీజియా చౌక్ నుంచి 8 నంబర్ ట్రామ్, మిగతా రెండింటికీ కాళ్లే. 1.50 టికెట్ 100 నిమిషాలు పనిచేస్తుంది, కానీ మెట్రోలోకి ఒక్కసారే.

"పంపు నీళ్లు ముట్టొద్దు, బాటిల్ కొనుక్కోండి."

ఇది పూర్తిగా తప్పు. వీధి వీధికీ నాసోనె అనే ఇనప పంపులు కనిపిస్తాయి. నాసోనె అంటే పెద్ద ముక్కు, కొళాయి అలా వంగి ఉంటుంది. 1870ల నుంచి ఉన్నాయి, ఇప్పటికీ రెండు వేలకి పైనే. నీళ్లు చల్లగా, ఆగకుండా కారుతుంటాయి, తాగేవే. బాటిల్ పట్టుకోవడం తేలికే. బాటిల్ లేకపోతే కింద ధారని వేలితో గట్టిగా మూయండి. వంపు మీదున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగి తాగొచ్చు. మొదటిసారి కొంచెం ముఖం తడుస్తుంది.

"వెజ్‌వాళ్లకి లోటే లేదు."

మార్గరీటా పిజ్జా దొరుకుతుంది, నిజమే. చిక్కు రోమ్ సొంత వంటల్లో ఉంది. సుప్లీ అనే బియ్యం ఉండ మన ఆలూ బోండాలా కనిపిస్తుంది, కానీ పాత పద్ధతిలో చేసినదాంట్లో మాంసం సాస్ ఉంటుంది. చీజ్, మిరియాలతో చేసే కాచో ఎ పెపె అనే పాస్తా వెజ్ అనే అనిపిస్తుంది. అందులో వేసే పెకోరీనో రొమానో చీజ్ మాత్రం గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన, పాలని విరగ్గొట్టే పదార్థం రెన్నెట్‌తో విరగ్గొట్టి చేసినది. పట్టింపు ఉన్నవాళ్లకి అది కుదరదు. "సెంట్సా కార్నె" అంటే మాంసం వద్దని మాత్రమే అర్థం, చేప వస్తుంది. "సెంట్సా కార్నె, సెంట్సా పెషె" అని రెండూ చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఫియోరి ది జుక్కా దగ్గర. గుమ్మడి జాతి పువ్వుని పిండిలో ముంచి వేయించిన బజ్జీ. చూస్తే అచ్చం మనింటి వంటే అనిపిస్తుంది. కొరికితే లోపల మోత్సరెల్లా చీజ్, దాంట్లో ఉప్పు చేప ముక్క. ఆర్డర్ చేసేముందే "సెంట్సా అలీచి" (ఆ చేప వద్దని) అనండి. ముందే కూరి పెట్టినవైతే లేవంటారు, అప్పుడు నూనెలో వేయించిన అర్టిచోక్ అనే కూరగాయ తెప్పించుకోండి, దాంట్లో ఏమీ కూరరు.