ఏ పాత లాప్‌టాప్ అయినా లినక్స్‌కు సరిపోతుందా? సరిపోదు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా లినక్స్ (విండోస్‌కు బదులుగా వేసుకునే ఉచిత సిస్టమ్) గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "లినక్స్ నేర్చుకోవడానికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. ఐదారు వేలకు దొరికే ఏ పాతదైనా చాలు. ఎంత పాతదైతే లినక్స్ అంత బాగా నడుస్తుంది. 2 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఐ7 స్టిక్కర్ ఉంటే కళ్లు మూసుకుని కొనేయండి. డ్రైవర్లు వాటంతట అవే వస్తాయి, వైరస్ రాదు, విండోస్‌లో చేసే పనులన్నీ చేసుకోవచ్చు."

రాసినవారి ఉద్దేశం మంచిదే, సమయం కూడా కలిసొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్‌లో కనీసం 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. దాంతో కంపెనీలు వదిలించుకున్న గట్టి మిషన్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. లినక్స్ మొదలుపెట్టాలనుకునే డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలకు ఇది మంచి అదను. కానీ "ఏదైనా చాలు" అన్న మాట నమ్మి కొన్న కుర్రాడు నెల తిరక్కుండా దాన్ని అటక మీద పెట్టి "లినక్స్ స్లో అండి" అంటున్నాడు. నాకు బాధ అక్కడే. ఇంట్లోవాళ్లు పంట డబ్బులోంచో, చిట్టీ డబ్బులోంచో తీసి ఇచ్చిన సొమ్ము అది.

ఎంత పాతదైతే అంత బాగా నడుస్తుందన్న మాట పదేళ్ల కిందట కొంత నిజం. ఇప్పుడు కాదు. 32 బిట్ (బాగా పాతకాలపు ప్రాసెసర్ల) మిషన్లకు దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 2016లో గూగుల్ క్రోమ్ 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది. 2017లో ఉబుంటు అనే లినక్స్ రకం 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. పాత మిషన్లకు పెద్ద దిక్కుగా ఉన్న డెబియన్ అనే రకం కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేసింది. కోర్ 2 డ్యుయో లాంటి 64 బిట్ పాతవాటిలో ఇన్‌స్టాల్ అవుతుంది, నిజమే. యూట్యూబ్‌లో పాఠం పెట్టగానే ఫ్యాన్ హోరెత్తుతుంది. యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9 పద్ధతి వీడియోను విప్పే భాగం ఇంటెల్ చిప్‌లలో పూర్తిగా వచ్చింది 7వ తరం నుంచి. అంతకు ముందువాటిలో ఆ బరువు చాలావరకు ప్రాసెసర్ మీదే పడుతుంది.

2 జీబీ సంగతి చూద్దాం. లినక్స్ మింట్ అనే మరో రకం తన కనీస అవసరంగా 2 జీబీ అని రాస్తుంది. మెసేజ్‌లోకి ఈ ముక్క అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ దాని పక్కనే, సౌకర్యంగా వాడాలంటే 4 జీబీ అని కూడా ఉంటుంది. మెసేజ్ దాన్ని వదిలేసింది. పైగా మెమరీని తినేది సిస్టమ్ కాదు, బ్రౌజర్. నాలుగు ట్యాబ్‌లు, ఒక ఆన్‌లైన్ క్లాసు తెరిస్తే 4 జీబీ కూడా ఇరుకే. నా మాటగా చెప్పాలంటే 8 జీబీ, దానితోపాటు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్). హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ప్రాసెసర్ మార్చినా రాదు. ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో కూడా కొనేముందే అడగండి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ470, టీ480, డెల్ లాటిట్యూడ్ 5490 లాంటి వాటిలో రెండు స్లాట్లుంటాయి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లోనూ మాక్‌బుక్ ఎయిర్‌లోనూ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 2016లో 9,999 రూపాయలకు వచ్చిన ఐబాల్ కాంప్‌బుక్ లాంటివైతే 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీతోనే బతకాలి. అవి ఎంత చౌకగా వచ్చినా వద్దు.

ఇక ఐ7 స్టిక్కర్. మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. రొయ్యల్ని కౌంట్ అడక్కుండా ఎవరూ కొనరు కదా, ప్రాసెసర్‌కు ఆ కౌంట్ లాంటిది ఐ7 తర్వాత వచ్చే అంకె. ఐ7 అంటే ఆ తరంలో పైమెట్టు అని మాత్రమే. 2010 నాటి ఐ7 620ఎమ్‌లో ఉన్నవి రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), తినే కరెంటు 35 వాట్ల లెక్క. 2017లో వచ్చిన ఐ5 8250యూలో నాలుగు కోర్లు, 15 వాట్లు. ఐ5 అన్న పేరు చూసి దీన్ని పక్కన పెట్టి, ఐ7 అని దాన్ని తెచ్చుకుంటే వేడి, ఫ్యాన్ మోత, గంటకే అయిపోయే బ్యాటరీ మిగులుతాయి. అంకె చదవడం తేలిక: నాలుగంకెలుంటే మొదటిది తరం. 6200 అంటే 6వ తరం, 8250 అంటే 8వ తరం. 620 లాగా మూడే అంకెలుంటే అది మొదటి తరం, వదిలేయండి. బడ్జెట్ తక్కువైతే 6వ తరం ఐ5 దగ్గర ఆగండి, కిందికి దిగకండి. 8వ తరం దొరికితే ఇంకేం ఆలోచించనక్కర్లేదు.

డ్రైవర్ల (వైఫై, గ్రాఫిక్స్ లాంటి భాగాలను నడిపే ప్రోగ్రాముల) మాట చాలావరకు నిజం. ఇంటెల్ వైఫై, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. చిక్కంతా బ్రాడ్‌కామ్ వైఫైతోనూ పాత ఎన్విడియా కార్డులతోనూ. బ్రాడ్‌కామ్ చిప్‌లు చాలావాటికి డ్రైవర్ విడిగా దించుకోవాలి, దానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ వైఫైయే పనిచేయాలి. అప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇవ్వండి, పని జరుగుతుంది. పాత ఎన్విడియా కార్డులకు మాత్రం ఆ కంపెనీయే డ్రైవర్లు ఆపేసింది. వేలిముద్ర రీడర్ మీద ఆశ పెట్టుకోకండి.

వైరస్ రాదన్న ధీమాతో అప్‌డేట్లు మానేయడం తప్పు. బ్రౌజర్‌లో లోపాలు ఏ సిస్టమ్‌లోనైనా బయటపడుతూనే ఉంటాయి, అప్‌డేట్లు వేసుకోవాల్సిందే.

విండోస్ పనులన్నీ నడుస్తాయన్నది కూడా తప్పే. ట్యాలీ విండోస్‌కే తయారైంది. మన ఊళ్లలో డీటీపీ కొట్లు నడిచేది అనూ ఫాంట్ల మీద, అదీ విండోస్‌దే. ఇంట్లో ఆ పని ఉంటే దానికో విండోస్ మిషన్ ఉంచుకోండి. యూనికోడ్ తెలుగుకు మాత్రం లోటు లేదు. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల కీబోర్డు), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు) రెండు పద్ధతుల్లోనూ టైపు చేసుకోవచ్చు.

చివరికి "కళ్లు మూసుకుని". మన డెల్టాలో వాడిన మిషన్ని అస్సలు అలా కొనకూడదు. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి, లోపలికొస్తే చెరువుల తేమ. పైన పాలిష్ చేసి "ఎ గ్రేడ్" (మొదటి రకం) అని అమ్ముతారు. తిరగేసి చూడండి: స్క్రూల తలలకు తుప్పు, యూఎస్‌బీ రంధ్రాల్లో పచ్చటి పొర కనిపిస్తే పెట్టేసి రండి. లోపలి సంగతికి ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దానిలో మింట్ రాయించుకుని కొట్టుకు తీసుకెళ్లండి. లెనోవో, డెల్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ లేస్తుంది, డిస్క్‌లో ఉన్నది చెక్కుచెదరదు. వైఫై, స్పీకరు, కెమెరా, కీబోర్డులో ప్రతి మీటా చూడండి. మూత మూసి తెరిచి నిద్ర లేస్తోందో లేదో చూడండి. సిస్టమ్ రిపోర్ట్స్ (కొత్త మింట్‌లో దీని పేరు సిస్టమ్ ఇన్ఫర్మేషన్) తెరిస్తే బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో పక్కపక్కనే ఉంటాయి. కరెంటు కోతలున్న ఊరికి ఈ రెండంకెలు ముఖ్యం. డిస్క్స్ అన్న అప్లికేషన్ డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది.

బయోస్‌లోకి (సిస్టమ్ లేవకముందు వచ్చే సెట్టింగుల్లోకి) కూడా వెళ్లి చూడండి: థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదని అర్థం. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బోర్డు మీది చిప్‌లో ఉంటుంది, చిన్న బ్యాటరీ పీకితే పోదు. "తర్వాత తీయిస్తాం సార్" అంటే, తీయించిన తర్వాతే డబ్బు ఇస్తామని చెప్పండి. పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకోనివ్వని కొట్టులో అసలు బేరమే ఆడకండి.