సవరణ: మొన్నటి ఊలు టోపీ లెక్కలో తప్పు ఉంది

మొన్న టోపీ సొంతంగా డిజైన్ చేసుకోవడం గురించి రాస్తూ, తల చుట్టుకొలత 20 అంగుళాలు, అంగుళానికి 5 కుట్లు, కాబట్టి సూది మీద 100 కుట్లు ఎక్కించండి అన్నాను. అది తప్పు, మొదలుపెట్టినవాళ్లు దయచేసి ఆపి ఇది చదవండి.

టోపీ సరిగ్గా తల కొలతే ఉంటే నిలవదు, కళ్ల మీదకి జారిపోతుంది, అల్లిక సాగుతుంది కదా, అందుకే సుమారు 2 అంగుళాలు తగ్గించుకోవాలి. అంటే 18 అంగుళాలకి 90 కుట్లు. కానీ అంచుకి రిబ్, అంటే రెండు నిట్ (సూటి కుట్లు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్లు) మార్చి మార్చి వేసే సాగే అల్లిక, గుండ్రంగా వేస్తే కుట్లు 4తో భాగించబడాలి, 90 అయితే రౌండ్ కలిసే చోట నాలుగు నిట్లు పక్కపక్కనే వచ్చి అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి 88 వేయండి.

మా పాప టోపీ మొత్తం విప్పేసి 88తో మళ్లీ అల్లాను, ఇప్పుడు చెవులు కప్పి చక్కగా కూర్చుంది. విప్పిన ఊలు మెలికలు మెలికలుగా ఉంటుంది, చిలపగా చుట్టి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేస్తే సాఫవుతుంది.

ఇంకోటి, అంగుళానికి ఎన్ని కుట్లో తెలుసుకోడానికి ముందుగా అల్లే శాంపిల్ ముక్క 4 అంగుళాలు చాలన్నాను, చాలదు, అంచులు ముడుచుకుంటాయి. 6 అంగుళాలు అల్లి, ఉతికి ఆరాక మధ్యలో 4 అంగుళాలు కొలిచి అందులో కుట్లు లెక్కపెట్టండి.

స్వెటర్‌కి మాత్రం ఇలా తగ్గించకండి, ఛాతీ కొలతకి 2 నుంచి 4 అంగుళాలు కలపాలి.